తిరునాళ్ల గురించి అడిగితే విహారయాత్ర గురించి రాశాను

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతున్నాను. డిసెంబరు పరీక్షల్లో లెక్కల్లో 92 వచ్చాయి, ఇంగ్లిషులో 41 వచ్చాయి. చదివి అర్థం చేసుకునే భాగంలో 30కి 16, వ్యాకరణం, పదజాలంలో 40కి 17, సొంతంగా రాసే భాగంలో 30కి 8. మీ ఊరి తిరునాళ్ల గురించి స్నేహితురాలికి ఉత్తరం రాయమన్నారు. గైడులోని ఉత్తరాలు పద్నాలుగు నాకు కంఠతా వచ్చు, కానీ వాటిలో తిరునాళ్ల లేదు. అందుకని విహారయాత్ర ఉత్తరం రాశాను. పేజీన్నర రాస్తే 10కి 3 మార్కులే వేశారు. నాకు ట్రిపుల్ ఐటీలో చేరాలని ఉంది. ఇంగ్లిషు వల్ల సీటు పోతుందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మా అన్నయ్య చదివిన గైడు ఇంట్లో ఉంది, అది కూడా బట్టీ పట్టమంటారా? నాన్న ఒంగోలులో స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేర్పిస్తానంటున్నారు. ఆరు వేలు అడుగుతున్నారు. చేరనా, వద్దా? రాసిన జవాబు ఫోటో తీసి పంపుతున్నాను. ఇంకొక సందేహం. బండలాగుడు పందేలను ఇంగ్లిషులో ఏమంటారు సార్?

సమాధానం:

అమ్మా,

నువ్వు పంపిన ఫోటోలు రెండుసార్లు చూశాను. దస్తూరి ముత్యాల్లా ఉంది. తప్పులు వెతికితే ఒకటో రెండో. ఒక్క కొట్టివేత కూడా లేదు. అయినా మీ మాస్టారు 3 వేశారు. ఆయన స్థానంలో నేనున్నా అంతే వేసేవాణ్ని. ప్రశ్న తిరునాళ్ల గురించి. నీ జవాబులో అందరూ బస్సెక్కారు, కోట చూశారు, మ్యూజియం చూశారు, భోజనాలు చేసి ఇంటికి వచ్చారు. తిరునాళ్ల అనే మాట మొదటి వాక్యంలో ఒక్కసారి ఉంది. విహారయాత్ర అనే మాట తీసేసి, ఆ ఖాళీలో దీన్ని కూర్చోబెట్టావు.

నేను ముప్ఫై ఏళ్ల పైబడి ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లిషు చెప్పాను. చాలాసార్లు స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లాను. కట్ట విప్పి నాలుగు పత్రాలు దిద్దేసరికి గైడు ఉత్తరం ఎదురయ్యేది. 'ఇన్ ద పింక్ ఆఫ్ హెల్త్' అని ఘనంగా మొదలవుతుంది. రెండు వాక్యాలు గడిచాక గైడు గుర్తుకు రాక 'ఐ గోయింగ్ టు ఫెయిర్' అని వస్తుంది. ఏ వాక్యం గైడుదో, ఏ వాక్యం బిడ్డదో దిద్దేవారికి చెప్పనక్కర్లేదు. నాకు ఆ రెండో వాక్యం దగ్గర ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. ఆ ఒక్క వాక్యమూ సరిగ్గా రాయడం నేర్పించి ఉంటే ఆ పిల్లకో పిల్లవాడికో పద్నాలుగు ఉత్తరాలు మోసే బరువు తప్పేది కదా అనిపించేది.

నీకు చెప్పవలసింది కూడా అదే. చిన్నదైనా సరే, నీ సొంత వాక్యం తప్పు లేకుండా రాయడం మార్చి పరీక్షల దాకా ఉన్న ఈ పది వారాల్లో నేర్చుకో. మిగతావన్నీ దాని వెంట వస్తాయి.

ముందు పేపరు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఇంగ్లిషు ఇప్పుడు 100 మార్కులకు ఒకే పేపరు. ఉదయం 9:30 నుంచి 12:45 వరకు, అంటే మూడుంపావు గంటలు. అందులో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే ఇస్తారు. ఉత్తీర్ణతకు 35 కావాలి. మీ బడి పరీక్ష కూడా పబ్లిక్ పరీక్షలోని 30, 40, 30 కొలతతోనే పెట్టారు కాబట్టి నీ బలం, బలహీనత ఎక్కడున్నాయో నీ చేతిలోనే లెక్క ఉంది. మీ అన్నయ్య గైడు మాత్రం పక్కన పెట్టు. 2022కు ముందు ఇంగ్లిషు రెండు పేపర్లుగా ఉండేది. 2024-25లో పాఠ్యపుస్తకం కూడా మారింది. ఆ గైడులోని పాఠాలు నీ పుస్తకంలో ఉండవు, ఆ ప్రశ్నల తీరు నీ పేపర్లో ఉండదు. బోర్డు విడుదల చేసిన మాదిరి ప్రశ్నపత్రం మీ మాస్టారి దగ్గర ఉంటుంది. జిరాక్స్ తీయించుకుని పుస్తకం అట్ట లోపల అంటించుకో. తెలంగాణలో ఉన్న పిల్లలు ఇది చదువుతుంటే, వాళ్ల పేపరు పద్ధతి వేరు కాబట్టి తమ బోర్డు మాదిరి పత్రమే చూసుకోవాలి.

ట్రిపుల్ ఐటీ విషయం. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, ఈ నాలుగు చోట్లా ప్రవేశం పదో తరగతి మార్కుల మీదే. ప్రవేశ పరీక్ష లేదు. ఇంగ్లిషు మార్కులూ అందులో లెక్కకు వస్తాయి కనుక నీ దిగులు అర్థం లేనిది కాదు. అయితే 41 దగ్గరున్న పిల్ల పది వారాల్లో 65, 70 దాకా వెళ్లడం నేను కళ్లారా చూశాను. అలా వెళ్లినవాళ్లు ఎక్కువ మార్కులు కలుపుకున్నది వ్యాకరణంలోనే. నీకు 40కి 17 వచ్చిన చోటు అదే. లెక్కల్లో 92 తెచ్చుకున్న పిల్లకి వ్యాకరణంలో 17 రావడానికి ఒకటే కారణం ఉంటుంది. ఎవరూ నీకు దాన్ని లెక్కలా చెప్పలేదు. కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

నీకు తెలుగు బాగా వచ్చు. దాన్ని పక్కన పెట్టి ఇంగ్లిషు నేర్చుకోమని కొందరు చెబుతారు, నేను ఒప్పుకోను. తెలుగు వాక్యం పక్కన ఇంగ్లిషు వాక్యం పెట్టి రెండూ ఎక్కడ విడిపోతున్నాయో చూడు. తప్పులన్నీ ఆ విడిపోయే చోటే పుడతాయి.

'మా తాత ఈ చెట్టును నాటాడు' అను. 'ఈ చెట్టును మా తాత నాటాడు' అని తిప్పి కూడా అనవచ్చు. రెండింటిలోనూ నాటింది తాతే. చెట్టు వెనక ఉన్న 'ను' కాపలా కాస్తోంది, అందుకని మాటల్ని ఎటు జరిపినా అర్థం చెదరదు. ఇంగ్లిషులో ఆ 'ను' లేదు. ఏ మాట ముందుంటే అదే పని చేసిందని ఇంగ్లిషువాళ్లు అనుకుంటారు. చెట్టును ముందుకు తెస్తే చెట్టే తాతను నాటిందన్న అర్థం వస్తుంది. అది రాకుండా ఉండాలంటే క్రియ మార్చాలి: 'దిస్ ట్రీ వాజ్ ప్లాంటెడ్ బై మై గ్రాండ్‌ఫాదర్'. పాసివ్ వాయిస్ అంటే ఇంతే. 'వాజ్' ఎందుకు వచ్చిందో, 'బై' ఎందుకు వచ్చిందో ఇప్పుడు నువ్వే ఇంకొకరికి చెప్పగలవు. చేసే పని ఇప్పటిదైతే 'ఈజ్' లేదా 'ఆర్', జరిగిపోయిందైతే 'వాజ్' లేదా 'వర్', ఆ తర్వాత క్రియ మూడో రూపం. పది వాక్యాలు తిప్పి చూడు, చేతికి అలవాటైపోతుంది.

తర్వాత 'అని'. 'రేపు వస్తాను అని అమ్మ చెప్పింది' అంటాం. అమ్మ అన్న మాట మనం ముట్టుకోలేదు, 'అని' తగిలించి అప్పగించాం. ఇంగ్లిషులో రిపోర్టెడ్ స్పీచ్ అలా అప్పగించనివ్వదు. చెప్పేది నువ్వు కాబట్టి నీ వైపు నుంచి చూసి అన్నీ సవరించమంటుంది. అమ్మ 'నేను' అంటే నువ్వు 'ఆమె' అనాలి, కాబట్టి 'ఐ' పోయి 'షి' వస్తుంది. చెప్పడం నిన్ననే అయిపోయింది, కాబట్టి 'విల్' పోయి 'వుడ్' వస్తుంది. అమ్మ అన్న రేపు నీకు రేపు కాకపోవచ్చు, కాబట్టి 'టుమారో' పోయి 'ద నెక్స్ట్ డే' వస్తుంది. మనిషి, క్రియ, కాలం. ఈ మూడు చోట్లా మార్చావో లేదో వేళ్ల మీద లెక్కపెట్టుకో. రెండు మార్చి మూడోది మరచిపోవడం వల్లనే పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకుంటారు.

మనకు 'కదా' ఒక్కటే. వచ్చాడు కదా, రాలేదు కదా, మీరు రైతులు కదా, అన్నిటికీ అదే సరిపోతుంది. ఇంగ్లిషులో ప్రతి వాక్యానికీ దాని కొలతకు కుట్టిన 'కదా' కావాలి. వాక్యంలో 'ఈజ్' ఉంటే చివర 'ఈజంట్' వస్తుంది, 'ఈజ్ నాట్' ఉంటే 'ఈజ్' వస్తుంది, పక్కన సర్వనామం వస్తుంది. గుర్తు మార్చి సమానం అటువైపు వేయడం నీకు లెక్కల్లో అలవాటే. ప్లస్ అటు వెళ్తే మైనస్. 'షి కేమ్' లాంటి వాక్యంలో సహాయక క్రియ కనిపించదు, లోపల 'డిడ్' దాక్కుని ఉంటుంది, అందుకే 'డిడంట్ షి' అవుతుంది.

ఆ దాక్కున్న 'డిడ్' బయటికి వచ్చినప్పుడు ఇంకో తప్పు జరుగుతుంది. నీ జవాబులోనే ఉంది చూడు, 'డిడ్ నాట్ వెంట్' అని. జరిగిపోయిన పని అనే గుర్తు 'డిడ్' మోస్తోంది, మళ్లీ 'వెంట్' కూడా మోయనక్కర్లేదు. 'డిడ్ నాట్ గో'. 'డజ్' విషయమూ అంతే. 'హి గోస్' అనేటప్పుడు క్రియ చివర వచ్చే ఆ 'స్' 'డజ్'లోకి వెళ్లిపోయింది కాబట్టి 'డజ్ నాట్ గో' అంటాం. తెలుగులో క్రియ కర్తను బట్టి రూపం మారుస్తూనే ఉంటుంది. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు. ఇంగ్లిషు వర్తమానంలో మార్పు ఒక్క చోటే, 'హి', 'షి', 'ఇట్' దగ్గరే. అంత తేలికైన చోట మార్కులు వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

'నిన్న వచ్చిన అబ్బాయి' అంటాం. అబ్బాయి గురించిన విశేషమంతా అబ్బాయి ముందు నడుస్తుంది. ఇంగ్లిషులో అబ్బాయి ముందు నడిచి, విశేషం 'హూ' చెయ్యి పట్టుకుని వెనక వస్తుంది: 'ద బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే'. వస్తువైతే 'విచ్' లేదా 'దట్'. రెండు వాక్యాలను ఒకటిగా కలపమని అడిగే ప్రశ్నకు ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

కాలం చెప్పే చిన్న మాటలకు ఒక దారి ఉంది. 'మార్చిలో' అంటే 'ఇన్', '21న' అంటే 'ఆన్', 'తొమ్మిదిన్నరకు' అంటే 'ఎట్'. మన లో, న, కు వరుసగా ఆ మూడింటి పక్కన నిలబడతాయి. 'ఉదయం' లాంటివి ఈ దారిలో ఇమడవు, వాటిని విడిగా రాసి పెట్టుకో. ఇక ఎ, యాన్, ద. తెలుగులో ఆర్టికల్స్ లేవు, అందుకే మనవాళ్లకి అవి కనిపించవు. 'ఒక రాజు ఉన్నాడు, ఆ రాజుకు ఏడుగురు కొడుకులు' అని కథ మొదలుపెడతాం కదా. మొదటిసారి 'ఒక', రెండోసారి 'ఆ'. మొదటిసారి 'ఎ', రెండోసారి 'ద'. వెంటనే వచ్చే మాట అచ్చు శబ్దంతో మొదలైతే 'ఎ' బదులు 'యాన్'. శబ్దం అన్నాను, అక్షరం కాదు. గంట అనే అర్థమిచ్చే 'అవర్' మొదట్లో హెచ్ అక్షరం ఉన్నా పలకం కాబట్టి 'యాన్ అవర్' అంటాం.

వీటికి ఒక నోటుపుస్తకం పెట్టు. ఎడమ పేజీలో తెలుగు వాక్యం, కుడి పేజీలో ఇంగ్లిషు. గైడు వాక్యాలు వద్దు. మీ ఇంట్లో ఆ రోజు జరిగినవే రాయి. రోజుకు పది. 'ఇఫ్' వాక్యాలు, పోలికలు మీ మాస్టారు చెప్పినప్పుడు వాటినీ ఇలాగే రెండు పేజీల్లో దించుకో.

పదజాలం గురించి పెద్దగా చెప్పేది లేదు. పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, స్పెల్లింగులు అన్నీ పాఠ్యపుస్తకం చదివే కొద్దీ వస్తాయి. రోజుకు ఐదు మాటలు చూసి, మూసి, రాసి, తెరిచి సరిచూసుకో. 'రిసీవ్', 'బిలీవ్' లాంటి మాటల్లో ఇ, ఐ అక్షరాలు ఏది ముందో తికమక పడితే ఆ మాటను గోడ మీద రాసి అంటించు.

చదివి అర్థం చేసుకునే భాగంలో నీకు సగానికి పైగా వచ్చాయి. ఇక్కడ పెరగడానికి పుస్తకం గొంతెత్తి చదవాలి. మీ పుస్తకంలో ఎనిమిదేళ్ల వల్లి కథ ఉంది. రోజూ తమ వీధిలోంచి వెళ్లే బస్సును చూస్తూ, మిఠాయిలు, రంగులరాట్నం అన్నీ వదులుకుని అరవై పైసలు కూడబెట్టి, ఒక్కతే బస్సెక్కి పట్నం వెళ్లి వస్తుంది. రాసింది తమిళ రచయిత, అందుకే ఆ ఊరు మన ఊరిలాగే ఉంటుంది. ఆ కథను రోజుకు రెండు పేజీల చొప్పున పైకి చదువు. అర్థం కాని మాట దగ్గర ఆగకు, పెన్సిలుతో గీత పెట్టి ముందుకు వెళ్లు. రెండోసారి చదివేటప్పుడు ఆ గీతల్లో సగం వాటంతట అవే తెలిసిపోతాయి.

జవాబులు రాసేటప్పుడు నువ్వు చేస్తున్న పొరపాటు ఒకటి ఫోటోలో కనిపించింది. 'ఎ లెటర్ టు గాడ్' పాఠంలో దేవుడికి ఉత్తరం రాసిన రైతు లెంచోకి కోపం ఎందుకు వచ్చిందని అడిగితే, ఆ మాట ఉన్న పేరా మొత్తం దించేశావు. ప్రశ్న 'ఎందుకు' అని ఉంది. లెంచో నూరు పీసోలు అడిగాడు. డెబ్బై వచ్చాయి. దేవుడు తక్కువ పంపడు కాబట్టి పోస్టాఫీసు వాళ్లే తీసుకున్నారనుకున్నాడు. మూడు చిన్న వాక్యాలు చాలు. నీకు కథ తెలుసు, చెప్పమంటే గడగడా చెబుతావు. ఆ చెప్పేదే రాయాలి. 'వై' అని అడిగితే నీ జవాబులో 'బికాజ్' ఉందో లేదో చూసుకో, 'వెన్' అని అడిగితే కాలం ఉందో లేదో చూసుకో. ఎప్పుడూ చదవని పేరా వస్తే ముందు ప్రశ్నలు చదివి, తర్వాత పేరా చదువు. దేని కోసం వెతుకుతున్నావో తెలిసి చదివితే తొందరగా దొరుకుతుంది. ఇక పట్టిక, పటం ఇచ్చి అడిగేవి నీకు అసలు ఇంగ్లిషు ప్రశ్నలే కావు. లెక్కలే. వాటిలో ఒక్క మార్కు కూడా వదలకు.

ఇప్పుడు 30కి 8 వచ్చిన చోటుకు వద్దాం. నువ్వు అడిగిన ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే నచ్చింది చివరిది. బండలాగుడును ఇంగ్లిషులో ఏమంటారని అడిగావు. పరీక్ష హాల్లో ఆ బండలాగుడు నీకు గుర్తొచ్చింది. దాని గురించి రాయాలనిపించింది. మాట దొరకక విహారయాత్రలోకి పారిపోయావు. అంతేనా? మా ప్రాంతంలోనూ తిరునాళ్లకు ప్రభలు కడతారు. ఎడ్ల కొమ్ములకు రంగులు వేస్తారు. గాజుల కొట్టు దగ్గర అమ్మాయిలు గుమిగూడతారు. జీళ్లు తిని చేతులు జిగటలవుతాయి. ఆ పేజీన్నర విహారయాత్రలో ఇలాంటిది ఒక్కటి కూడా లేదు.

దాన్ని ఇలా మొదలుపెట్టు. ముందు తెలుగులో ఏడెనిమిది పొట్టి వాక్యాలు రాసుకో. ఒక వాక్యంలో ఒక క్రియ మాత్రమే ఉండాలి. పోయిన వారం మా ఊళ్లో తిరునాళ్ల జరిగింది. తాత నన్ను తీసుకెళ్లాడు. ఎడ్లు పెద్ద బండను లాగాయి. జనం కేకలు వేశారు. మా ఎడ్లు ఓడిపోయాయి. తాత వాటి వీపు నిమిరాడు. నేను ఆకుపచ్చ గాజులు కొనుక్కున్నాను. వచ్చే ఏడాది నువ్వు తప్పక రావాలి. ఇప్పుడు ఒక్కొక్కటే ఇంగ్లిషులోకి. 'మై గ్రాండ్‌ఫాదర్ టుక్ మి దేర్'. 'ద పీపుల్ షౌటెడ్'. 'అవర్ బుల్స్ లాస్ట్'. అన్నీ నీకు వచ్చిన మాటలే. నిమరడానికి మాట తెలియకపోతే 'టచ్డ్' అను, సరిపోతుంది. ఓడిపోయిన ఎడ్ల వీపు నిమిరిన తాతను చూసిన దిద్దేవారు ఒక్క క్షణం పెన్ను ఆపుతారు. కట్టలో అలాంటి వాక్యం వస్తే నేను ఆగేవాణ్ని.

బట్టీ పట్టవలసింది ఏమీ లేదా అంటే, ఉంది. చట్రం. ఉత్తరానికి ఊరు, తేదీ ఎక్కడ రాయాలి, సంబోధన ఎలా, ముగింపు ఎలా, అధికారికి రాసేటప్పుడు విషయం ఎక్కడ రాయాలి, డైరీకి తేదీ, వార్తకు శీర్షిక, ఊరి పేరు. వీటిని నిద్రలో లేపి అడిగినా చెప్పేలా నేర్చుకో. చట్రం కంఠతా వస్తే లోపల ఏం రాయాలా అనే ఆలోచనకు సమయం మిగులుతుంది. వార్త రాయమంటే ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నవి మొదటి రెండు వాక్యాల్లో వచ్చేయాలి. సంభాషణ రాయమంటే ఇద్దరు నిజంగా మాట్లాడుకుంటున్నట్టు ఉండాలి, ఒకరు అడిగిన దానికి రెండోవారు జవాబు చెప్పాలి. ఒకరి జీవిత విశేషాలు పట్టికగా ఇచ్చి పేరా రాయమంటే పట్టికలోని ఒక్కో వరుసకు ఒక్కో వాక్యం. ఇది కూడా నీకు లెక్కే.

రోజూ పడుకునే ముందు ఆరు వాక్యాల డైరీ రాయి. వారానికి ఒకసారి అందులో నీకు నచ్చిన ఒక పేజీ మీ మాస్టారికి ఇచ్చి, ఎర్ర పెన్నుతో దిద్దమని అడుగు. నలభై మంది పిల్లలున్న తరగతిలో ఆయనకు తీరిక ఉండకపోవచ్చు, కానీ తనంతట తాను రాసి తెచ్చిన పిల్లను కాదనే మాస్టారు నాకు ఇంతవరకు తారసపడలేదు. దిద్దిన తప్పును అలాగే వదిలేయకు. అదే వాక్యాన్ని మూడుసార్లు సరిగ్గా రాయి.

స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు ఇప్పుడు వద్దు. నాన్నగారికి ఈ పేరా చదివి వినిపించు. ఆయన తపన నాకు అర్థమైంది. కూతురు గడగడా మాట్లాడాలన్న కోరిక మంచిదే. కానీ ఈ పేపర్లో మాట్లాడేది ఏమీ లేదు, చదవాలి, రాయాలి. ఒంగోలు వెళ్లి రావడానికి పోయే గంటలు ఇంట్లో రాతకు పెడితే ఎక్కువ ఫలితం. మార్చి తర్వాత సెలవుల్లో చేర్పించండి, అప్పుడు తప్పకుండా పనికొస్తుంది. ఇప్పుడు ఆ ఆరు వేలలో రెండు మూడు వందలు పెట్టి ఒక మంచి ఇంగ్లిషు-తెలుగు నిఘంటువు, నాలుగు లాంగ్ నోటుపుస్తకాలు కొంటే చాలు.

రోజుకు గంటంపావు ఇంగ్లిషుకు కేటాయించు, అంతకంటే వద్దు. లెక్కల సమయం మాత్రం ఇటు లాగకు. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు ఒక పూర్తి పేపరు, గడియారం ముందు పెట్టుకుని, మధ్యలో లేవకుండా రాయి. మొదటి వారం పూర్తి కాదు. భయపడకు, మూడో వారానికి అవుతుంది. పరీక్ష రోజు మొదటి పదిహేను నిమిషాల్లో రాసే భాగంలోని ప్రశ్నలన్నీ చదివి, ఏది ఎంచుకోవాలో అప్పుడే తేల్చుకో. రెండింట్లో నువ్వు కళ్లతో చూసినది ఏదో అదే ఎంచుకో. గొప్పగా వినిపించేది వదిలెయ్యి. ముందు వ్యాకరణం ముగించుకుంటే ధైర్యం వస్తుంది. ప్రశ్న నంబరు ప్రశ్నపత్రంలో ఎలా ఉందో అలాగే వెయ్యి. తెలియనిది ఖాళీగా వదలకు, ఒక వాక్యమైనా రాయి. చివర పది నిమిషాలు ఉంచుకుని మూడే చూడు: 'హి', 'షి' తర్వాత 'స్' ఉందా, 'డిడ్' తర్వాత క్రియ మొదటి రూపంలో ఉందా, పేర్ల ముందు 'ఎ', 'ద' ఉన్నాయా.

నిద్ర సంగతి కూడా రాశావు. పది దాటాక పుస్తకం మూసెయ్యి. రాత్రి పన్నెండింటికి కళ్లు మూతలు పడుతుండగా చదివిన గ్రామర్ పొద్దున్నే ఉండదు. ఎవరికైనా మార్చిలో ఈ సబ్జెక్టు పోయినా అదే వేసవిలో సప్లిమెంటరీ ఉంటుంది, ఏడాది పోదు. నీకు ఆ అవసరం రాదనే నా నమ్మకం. అయినా ఆ దారి ఉందని తెలిస్తే గుండె తేలికవుతుందని చెబుతున్నాను. ఫలితాల రోజు ఎవరేమన్నా నీ లెక్కల 92 నీదే.

ఇక బండలాగుడు. 'స్టోన్ పుల్లింగ్ కాంటెస్ట్' అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఉత్తరంలో మొదటిసారి వచ్చినప్పుడు 'దేర్ వాజ్ ఎ స్టోన్ పుల్లింగ్ కాంటెస్ట్' అని రాయి. తర్వాతి వాక్యంలో మళ్లీ చెప్పవలసి వస్తే 'ద కాంటెస్ట్' అని రాయి. ఈ ఆదివారం కూర్చుని ఆ తిరునాళ్ల ఉత్తరం మళ్లీ మొదటి నుంచి రాసి, ఫోటో తీసి నాకు పంపించు. నేనే దిద్ది పంపుతాను.